పేరు దాచినా కదలిక పట్టిస్తుంది: వీఆర్ హెడ్‌సెట్ వాడేవాళ్లు తీసుకోవాల్సిన జాగ్రత్తలు

కంప్యూటర్ లోకాన్ని కళ్ల ముందు పెట్టే వీఆర్ (వర్చువల్ రియాలిటీ) హెడ్‌సెట్ తలకు తగిలించుకుని, రెండు కంట్రోలర్లు చేతుల్లోకి తీసుకోగానే కొలతలు మొదలవుతాయి. తల ఒకటి, చేతులు రెండు. ఒక్కోటి ఎక్కడుందో చెప్పడానికి మూడు అంకెలు, ఎటు తిరిగి ఉందో చెప్పడానికి ఇంకో మూడు, మొత్తం 18. సెకనుకు 90 సార్లు కొలిస్తే 1,620 అంకెలు. ఇరవై నిమిషాలు ఆడేసరికి 19 లక్షల 44 వేలు. ఈ కొలతలు లేకపోతే ఆటే సాగదు. మీరు తల తిప్పినప్పుడు ఎదురుగా ఉన్న దృశ్యం కూడా తిరగాలంటే ఆ సంగతి హెడ్‌సెట్‌కు తెలియాల్సిందే. ఫోన్‌లో లొకేషన్ ఆపేసినట్టు దీన్ని ఆపేసే బటన్ ఎక్కడా లేదు.

ఈ అంకెలు మనిషిని పట్టిస్తాయని గట్టిగా చూపించిన పరిశోధనలు రెండున్నాయి. 2020లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో 511 మందికి హెడ్‌సెట్ పెట్టి 360 డిగ్రీల వీడియోలు చూపించారు. ఏ కదలికలు ఎవరివో చెప్పమని ప్రోగ్రామ్‌కు ఇస్తే, ఐదు నిమిషాల లోపు డేటాతోనే నూటికి 95 సార్లు సరిగ్గా చెప్పింది. 2023లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీ పరిశోధకులు బీట్ సేబర్ (పాటకు తగ్గట్టు కత్తులతో దిమ్మెలు నరికే వీఆర్ ఆట) ఆడేవాళ్లలో 55,541 మంది రికార్డింగులు తీసుకున్నారు. నూరు సెకన్ల కదలిక ఇస్తే 94 శాతం, పది సెకన్లే ఇస్తే 73 శాతం కచ్చితత్వంతో మనిషిని గుర్తుపట్టగలిగారు. నడక చూసి అల్లంత దూరం నుంచే వచ్చేదెవరో చెప్పే పెద్దవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. అదే పని కంప్యూటర్ యాభై ఐదు వేల మంది విషయంలో చేసింది.

ఈ ఫలితాల్లో ఒక మెలిక ఉంది, చాలామంది దాన్ని వదిలేస్తారు. ప్రోగ్రామ్ మిమ్మల్ని గుర్తుపట్టాలంటే మీ కదలికల నమూనా ఒకటి దాని దగ్గర ముందే ఉండాలి. ఆ నమూనాకు మీ పేరు తగిలించి ఉంటేనే అది ‘మీరు’ అవుతుంది. లేకపోతే నిన్న వచ్చినవాడే ఇవాళా వచ్చాడని మాత్రమే తెలుస్తుంది. కదలికను ఎలాగూ దాచలేం. దానికీ మీ పేరుకూ, ఇంటికీ, గొంతుకూ, ముఖానికీ మధ్య ముడి పడకుండా చూసుకోవడం మాత్రం మన చేతిలో ఉంది. కింద చెప్పే పనులన్నీ అందుకే.

ఎవరికి ఎంత తెలుస్తుంది

జాగ్రత్త ఎక్కడ పడాలో తెలియాలంటే ముందు ఇది తెలియాలి. హెడ్‌సెట్ తయారు చేసిన కంపెనీకి కెమెరా దృశ్యాల దగ్గర్నుంచి సెన్సర్ అంకెల దాకా అన్నీ అందుబాటులో ఉంటాయి. వాటిలో ఏవి పరికరం దాటి బయటికి పోతాయన్నది ఆ కంపెనీ విధానాన్ని బట్టి ఉంటుంది. ఆట రాసినవాళ్లకు తల, చేతుల కదలిక పూర్తిగా అందుతుంది. దీనికి విడిగా అనుమతి అడగరు. గది కొలతలు, కళ్ల కదలిక, మైకు, కెమెరా లాంటివి మీరు ఒప్పుకుంటే అందుతాయి. సర్వర్ నడిపేవాళ్లకు వీటితోపాటు మీ ఐపీ చిరునామా (ఇంటర్నెట్‌లో మీ కనెక్షన్‌ను గుర్తించే నంబరు), సిగ్నల్ ఎంత ఆలస్యంగా వస్తోందన్నదీ తెలుస్తాయి. వేర్వేరు చోట్ల ఉన్న సర్వర్లకు పట్టే సమయాన్ని పోల్చి మీరు ఏ ప్రాంతంలో ఉన్నారో లెక్కకట్టవచ్చు. ఇక మీతోపాటు ఆ లోకంలో తిరిగే తోటి మనుషులు. వాళ్లకు అందేది కాస్త తగ్గిన, సవరించిన కదలికే. కానీ మీ గొంతు పూర్తిగా వినిపిస్తుంది.

కదలిక నుంచి పేరు ఒక్కటే కాదు, ఇంకా చాలా లాగవచ్చు. నిలబడినప్పుడు హెడ్‌సెట్ ఎత్తు చూస్తే మీ పొడవు తెలుస్తుంది. చేతులు చాచినప్పుడు కంట్రోలర్ల మధ్య దూరం, ముందు ఏ చేయి కదిలింది, ఎంత మేర నడిచారు అన్నవాటి నుంచి చేతుల నిడివి, కుడిచేతివాటమో ఎడమచేతివాటమో, గది వైశాల్యం తేలిపోతాయి. బర్క్‌లీ బృందమే మరో ప్రయోగంలో 30 మందిని మామూలు పజిల్ ఆటలా కనిపించే గదిలోకి పంపి, ఆడుతున్నవాళ్లకు తెలియకుండానే పాతికకు పైగా వివరాలు రాబట్టింది. గోడ మీద చిన్న అక్షరాలు చదివించే పజిల్ చూపును కొలుస్తుంది. రంగులు పోల్చమనే పజిల్ రంగుల గుర్తింపులో లోపాన్ని పట్టుకుంటుంది. అందుకే ఊరూ పేరూ లేని డెవలపర్ ఇచ్చే ఉచిత పజిల్ ఆటల జోలికి పోవద్దని గట్టిగా చెబుతున్నాం.

మొదటి ముడి: అకౌంట్

హెడ్‌సెట్ పెట్టె విప్పకముందే చేయాల్సిన పని ఇది. తర్వాత సరిదిద్దుకోవడం కష్టం.

ముందు కొత్త ఈమెయిల్ ఒకటి తెరవండి. బ్యాంకుకు, ఆధార్‌కు, ఆఫీసుకు ఇచ్చిన మెయిల్ వాడొద్దు. మెయిల్ పేరులో మీ పేరు గానీ, పుట్టిన సంవత్సరం గానీ ఉండకూడదు. తర్వాత యూజర్‌నేమ్. ఇన్‌స్టాగ్రామ్‌లో, డిస్కార్డ్‌లో, పాత ఆటల్లో వాడిన పేరు ఇక్కడ పెడితే, ఒక్క సెర్చ్‌తో మీ ఫొటో దాకా వెళ్లిపోతారు. మనవాళ్లకు ఇంకో అలవాటు ఉంది: ఇంటిపేరు, పేరు, పుట్టిన సంవత్సరం కలిపి యూజర్‌నేమ్ చేసుకోవడం. ఇంటిపేరు ఒక్కటి చాలు, ఊరూ కులమూ ఊహించేవాళ్లు తెలుగువాళ్లలో ఎంతమందైనా ఉన్నారు. అది పెట్టకండి.

ఫేస్‌బుక్ యజమాని కంపెనీ మెటా తయారుచేసే క్వెస్ట్ హెడ్‌సెట్లకు 2020 అక్టోబరు నుంచి కొత్తవాళ్లు ఫేస్‌బుక్ అకౌంట్‌తోనే లాగిన్ కావాలన్న నిబంధన ఉండేది. 2022 ఆగస్టులో విడి మెటా అకౌంట్లు వచ్చాయి. ఇప్పుడు ఫేస్‌బుక్ లేకుండానే హెడ్‌సెట్ నడుస్తుంది. సెటప్‌లో ఫేస్‌బుక్ గానీ ఇన్‌స్టాగ్రామ్ గానీ కలపమని అడిగితే వదిలేయండి. పాతరోజుల్లో కలిపి ఉంటే, అకౌంట్స్ సెంటర్‌లోకి వెళ్లి విడదీయండి. ప్రొఫైల్ ఎవరికి కనిపించాలని అడిగినప్పుడు అన్నిటికన్నా మూసి ఉన్న ఎంపిక పెట్టండి. ఆన్‌లైన్‌లో ఉన్నారా, ఏ ఆటలో ఉన్నారు అన్న సూచనలు రెండూ ఆపేయండి. ఫోన్ కాంటాక్టులు అడిగితే ఇవ్వొద్దు. మీ కాంటాక్టుల్లో ఉన్నవాళ్ల నంబర్లు ఇచ్చే హక్కు మీకు లేదన్నది ఒక కారణం. మీ మారుపేరును మీ స్నేహితులకు ‘మీకు తెలిసినవాళ్లు’ అని చూపించే ప్రమాదం ఉందన్నది రెండోది.

పుట్టిన తేదీ మాత్రం నిజమే ఇవ్వండి. పిల్లలకు పెట్టిన రక్షణలన్నీ వయసు మీదే నడుస్తాయి. పైగా అకౌంట్ పోయినప్పుడు తిరిగి రాబట్టుకోవడానికి ఆ తేదీ అవసరం కావచ్చు. రెండంచెల లాగిన్ పెట్టుకుని, దానికిచ్చే రికవరీ కోడ్లను కాగితం మీద రాసి ఇంట్లో భద్రంగా ఉంచండి.

బీట్ సేబర్ ఆడేవాళ్లకు ప్రత్యేకంగా ఒక మాట. బర్క్‌లీ పరిశోధకులకు అంతమంది డేటా దొరికింది ఆటగాళ్లు స్కోర్ల కోసం స్వయంగా ఎక్కించిన రీప్లేల నుంచే. బీట్‌లీడర్ లాంటి స్కోర్‌బోర్డుల్లో రీప్లే అంటే తల, చేతుల కదలిక మొత్తం. ఎవరైనా దింపుకోవచ్చు. అలాంటి చోట అసలు పేరు, దేశం, ఫొటో పెట్టారంటే పైన చెప్పిన ‘పేరు తగిలించిన నమూనా’ మీ చేతులతో మీరే బహిరంగంగా పెట్టినట్టు. స్కోర్‌బోర్డు మీద మమకారం ఉంటే అక్కడ ఒక పేరు, నలుగురూ కలిసి కబుర్లాడుకునే సోషల్ లోకాల్లో వేరే పేరు వాడండి. రెండిటి మధ్య ఫ్రెండ్స్ జాబితా కూడా ఒకటే కాకుండా చూసుకోండి.

రెండో ముడి: ఇల్లు

క్వెస్ట్ 3 ముందు భాగంలో రంగు కెమెరాలు రెండు, దూరం కొలిచే సెన్సర్ ఒకటి ఉంటాయి. మీ అసలు గదిలోనే ఆట బొమ్మలు కనిపించే మిక్స్‌డ్ రియాలిటీ ఆటల కోసం గది స్కాన్ చేయమంటుంది. అప్పుడు గోడలు, కప్పు, తలుపులు, కిటికీలు, సోఫా, మంచం ఎక్కడెక్కడున్నాయో త్రీడీ నమూనా తయారవుతుంది. ఆ నమూనా చూస్తే ఇంటి విస్తీర్ణం, మీ స్తోమత, ఇంట్లో పసిపిల్లలున్నారా అన్నవి అంచనా కట్టవచ్చు. అందుకే స్కాన్ పూర్తిగా మానేయకపోయినా హద్దుల్లో పెట్టుకోండి.

కూర్చుని ఆడే ఆటలకూ, కబుర్లు చెప్పుకునే లోకాలకూ గది స్కాన్ అక్కర్లేదు. ఆడే చోటుకు హద్దు (బౌండరీ) అడిగినప్పుడు, ఉన్నచోటే ఉండి ఆడే ‘స్టేషనరీ’ ఎంచుకోండి. గది కొలత బయటికి పోదు. కుర్చీలో కూర్చుంటే నిలబడినప్పటి పొడవూ తెలియదు. పాత ఇంట్లో చేసిన స్కాన్‌లు, బౌండరీలు హెడ్‌సెట్‌లో గుర్తుండిపోతాయి. సెట్టింగ్స్‌లో బౌండరీ లేదా ఫిజికల్ స్పేస్ పేరుతో ఉన్న చోటికి వెళ్లి పాతవి చెరిపేయండి. అప్‌డేట్ వచ్చినప్పుడల్లా మెనూ పేర్లు అటూ ఇటూ మారుతుంటాయి. పేరు కనిపించకపోతే సెట్టింగ్స్ పైన ఉండే వెతుకుడు పెట్టెలో బౌండరీ అని కొట్టండి.

తర్వాత ప్రైవసీ అండ్ సేఫ్టీలోని యాప్ పర్మిషన్స్ తెరవండి. అక్కడ స్పేషియల్ డేటా (గది స్కాన్ వివరాలు), మైక్రోఫోన్, కెమెరా విడివిడిగా ఉంటాయి. ఒక్కోదాని కింద ఏ యాప్‌కు అనుమతి ఇచ్చారో చూడండి. మిక్స్‌డ్ రియాలిటీ లేని ఆటకు స్పేషియల్ డేటా ఉంటే తీసేయండి. కెమెరా అనుమతి విషయంలో మరింత పట్టుగా ఉండండి. 2025 వరకు బయటి కంపెనీల ఆటలకు క్వెస్ట్ ముందు కెమెరాల దృశ్యం నేరుగా అందేది కాదు. ఇప్పుడు అనుమతి అడిగి తీసుకోవచ్చు. స్కాన్ నమూనాలో గోడ ఉంటుంది. కెమెరా దృశ్యంలో గోడ మీద వేలాడే పెళ్లి ఫొటో, స్కూలు సర్టిఫికెట్, కరెంటు బిల్లు మీది సర్వీసు నంబరు కూడా ఉంటాయి. ఆట ఆడుతున్న కాసేపటికే అనుమతి ఇచ్చి, అయిపోగానే వెనక్కి తీసుకోండి.

గది కనిపించే మిక్స్‌డ్ రియాలిటీ వీడియోలు రికార్డు చేసి యూట్యూబ్‌లో పెట్టేవాళ్లు ఈ తప్పే ఎక్కువగా చేస్తారు. ఆటలో ఉండగా వెనకాల ఏముందో పట్టదు. రికార్డింగ్ మొదలుపెట్టే ముందు హెడ్‌సెట్ తీసి, గదిని ఓసారి మామూలు కళ్లతో చుట్టూ చూడండి. కిటికీ తెర వేయండి. బయట కనిపించే నీళ్ల ట్యాంకు, గుడి గోపురం, షాపు బోర్డుతో వీధి పట్టేస్తారు. క్యాలెండర్ మీద చిట్‌ఫండ్ కంపెనీ పేరో, బట్టల షాపు పేరో, దాని కింద ఊరి పేరో అచ్చయి ఉంటుంది. దాన్ని తీసి పక్కన పెట్టండి.

మైకూ, గొంతూ, యాసా

పేరూ ఇల్లూ దాచినవాళ్లు కూడా ఇక్కడ దొరికిపోతారు. సోషల్ లోకాల్లో గొంతే ముఖం. తెలుగులో నాలుగు మాటలు మాట్లాడితే చాలు, శ్రీకాకుళమో, నెల్లూరో, కరీంనగరో, చిత్తూరో చెప్పేసేవాళ్లు ఆ గదిలోనే ఉండవచ్చు. యాస దాచుకోమని ఎవరికీ చెప్పం, అది మీది. అయితే యాసతో జిల్లా తెలిసిపోయిందన్న ఎరుకతో మిగతా వివరాలు బిగపట్టుకోండి. జిల్లా తెలిశాక కాలేజీ పేరో, బస్సు రూటో, ఊళ్లో జాతర తేదీయో తోడైతే వెతకాల్సిన జనం కొద్దిమందే మిగులుతారు.

మీరు మాట్లాడేదానికన్నా వెనక వినిపించేది ప్రమాదం. ఇంట్లోవాళ్లు అసలు పేరు పెట్టి పిలుస్తారు. పక్కన కూర్చున్న తమ్ముడు డెలివరీ అబ్బాయికి ఫోన్‌లో ఫ్లాట్ నంబరుతో సహా దారి చెబుతుంటాడు. స్టేషన్ పక్కన ఇల్లయితే రైలు ప్రకటనలో స్టేషన్ పేరు స్పష్టంగా వినబడుతుంది. మైకు ఎప్పుడూ తెరిచి ఉంచే పద్ధతి మానేసి, మాట్లాడేటప్పుడు మాత్రమే బటన్‌తో తెరుచుకునేలా పెట్టండి. కీలకమైన సెట్టింగ్ ఏదైనా ఒకటే మార్చగలిగితే ఇదే మార్చండి.

మైకు మూసినా ఒక దారి మిగిలి ఉంటుంది. అమెరికాలో రట్గర్స్ విశ్వవిద్యాలయం నేతృత్వంలో పరిశోధకులు ఫేస్‌మైక్ పేరుతో ఒక దాడిని చూపించారు. మాట్లాడేటప్పుడు ముఖ కండరాలు, ఎముకలు కదిలే అదురు హెడ్‌సెట్‌లోని కదలిక సెన్సర్లకు అందుతుంది. ఆ సెన్సర్లకు అనుమతి అక్కర్లేదు. ఆ అదురు నుంచి మాట్లాడేది ఆడా మగా, మనిషి ఎవరు, పలికిన చిన్న మాటలు ఏవి అన్నవి రాబట్టారు. కాబట్టి హెడ్‌సెట్ తల మీద ఉండగా ఓటీపీ గానీ, కార్డు నంబరు గానీ పైకి చదవొద్దు.

కళ్లూ, టైపింగూ

క్వెస్ట్ 2, 3, 3ఎస్‌లలో కళ్లను చూసే కెమెరాలు లేవు. క్వెస్ట్ ప్రో, ప్లేస్టేషన్ వీఆర్ 2, యాపిల్ విజన్ ప్రోలలో ఉన్నాయి. మీ దగ్గరున్నది మొదటి రకమైతే ఈ భాగంలో సగం మీకు అక్కర్లేదు. రెండో రకమైతే చూపు ఎక్కడ ఎంతసేపు నిలిచిందన్నది బయటపడుతుంది. మనసులో ఏది నచ్చిందో నోటితో చెప్పకముందే చూపు చెబుతుంది. ఐ ట్రాకింగ్ అనుమతిని యాప్‌ల వారీగా చూసుకుని, కళ్లతో నడిపే ఆటకు తప్ప ఎవరికీ ఇవ్వకండి.

విజన్ ప్రోలో చూపు ఎటుందన్న వివరాన్ని యాప్‌లకు ఇవ్వకుండా యాపిల్ ముందే కట్టడి చేసింది. అయినా 2024లో పరిశోధకులు ఒక కంత కనిపెట్టారు. వీడియో కాల్‌లో మీ బదులు కనిపించే పర్సోనా బొమ్మ కళ్లు మీ కళ్లలాగే కదులుతాయి. కంటిచూపుతో కీబోర్డు మీద టైప్ చేస్తుంటే, ఆ బొమ్మ కళ్లను చూసి ఏ అక్షరాలు కొడుతున్నారో ఊహించారు. దీనికి గేజ్‌ప్లాయిట్ అని పేరు పెట్టారు. విజన్ ప్రోను నడిపే సాఫ్ట్‌వేర్ విజన్‌ఓఎస్ 1.3లో దీన్ని సరిచేశారు. అంతకన్నా పాత వెర్షన్ నడుస్తుంటే ఇవాళే అప్‌డేట్ చేయండి.

కంట్రోలర్‌తో టైప్ చేసేవాళ్లకూ ఇదే సూత్రం వర్తిస్తుంది. గాల్లో కీబోర్డు మీద అక్షరం అక్షరం పొడుస్తుంటే చేతి కదలికే పాస్‌వర్డ్. సోషల్ లోకంలో నలుగురి మధ్య ఉండగా ఎక్కడా పాస్‌వర్డ్ కొట్టొద్దు. బయటికి వచ్చి హోమ్‌లో కొట్టండి. ఫోన్ యాప్ ద్వారా కోడ్‌తో లాగిన్ అయ్యే వీలుంటే అదే వాడండి. టీవీకి క్యాస్టింగ్ నడుస్తుంటే ముందు ఆపేయండి. టీవీలో కీబోర్డు, మీరు నొక్కే అక్షరాలు ఇంట్లో అందరికీ కనిపిస్తాయి. బ్యాంకింగ్, యూపీఐ పనులు హెడ్‌సెట్ బ్రౌజర్‌లో చేయనే వద్దు. అందుకు చేతిలో ఫోన్ ఉంది.

వీఆర్‌చాట్‌లో అడుగుపెట్టేటప్పుడు

లోకాలు చాలా ఉన్నా, కొత్తవాళ్లు ఎక్కువగా చేరే వీఆర్‌చాట్‌ను తీసుకుందాం. ఇక్కడ గదికి ‘ఇన్‌స్టాన్స్’ అని పేరు. ఎవరు రాగలరన్నది దాని రకాన్ని బట్టి ఉంటుంది. పబ్లిక్‌లోకి ఎవరైనా వస్తారు. ఫ్రెండ్స్ ప్లస్ అంటే మీ స్నేహితులే వస్తారని చాలామంది అనుకుంటారు. నిజానికి లోపల ఉన్న ఎవరి స్నేహితులైనా రావచ్చు. అంటే మీకు ముక్కూ ముఖం తెలియనివాళ్లు కూడా. మీకు తెలిసినవాళ్లే కావాలంటే ఫ్రెండ్స్, లేదా పిలిస్తేనే వచ్చే ఇన్‌వైట్ ఎంచుకోండి.

రెండోది స్టేటస్ రంగు. ఆకుపచ్చ రంగు ఉంటే మీరు ఏ లోకంలో ఉన్నారో స్నేహితులకు కనిపించవచ్చు. నారింజ రంగు ‘ఆస్క్ మీ’ పెట్టుకుంటే మీరున్న చోటు దాగుతుంది, రావాలనుకున్నవాళ్లు అడగాలి. వేధించేవాడు పాత స్నేహితుడే అయిన సందర్భాల్లో ఈ ఒక్క మార్పుతో వెంటపడటం ఆగుతుంది. అందుకే మొదటి రోజు నుంచే నారింజ రంగులో ఉండటం మంచిది.

మూడోది వీడియో తెరలు. లోకాల్లో సినిమా తెర మీద ఎవరైనా వీడియో లింకు పెట్టవచ్చు. ఆ వీడియోను మీ హెడ్‌సెట్టో కంప్యూటరో ఆ లింకు ఉన్న సర్వర్ నుంచి నేరుగా తెచ్చుకుంటుంది. ఆ సర్వర్ ఎవడో పెట్టిన సొంత సర్వర్ అయితే, గదిలో ఉన్నవాళ్ల ఐపీ చిరునామాలన్నీ వాడి దగ్గర నమోదవుతాయి. సెట్టింగ్స్‌లో ‘అలవ్ అన్‌ట్రస్టెడ్ యూఆర్ఎల్స్’ అన్నది మొదట ఆఫ్‌లోనే ఉంటుంది. వీడియో ఆడట్లేదు, దాన్ని ఆన్ చేసుకోమని గదిలో ఎవరైనా చెబితే వినకండి.

సొంత ఫొటోతో తయారుచేసిన అవతార్ ఎక్కించొద్దు. ముఖం ఎక్కించాక ముడి విప్పడం సాధ్యం కాదు. అవతార్‌ను పొట్టిగానో పొడుగ్గానో మార్చినంత మాత్రాన మీ కదలిక మారదన్నదీ గుర్తుంచుకోండి. తోటివాళ్లకు బొమ్మ మారుతుంది, ఆట నడిపేవాళ్లకు అందే అంకెలు మీవే.

పబ్లిక్ గదిలో ఎవరో ఒకరు రికార్డు చేస్తున్నారనే అనుకోండి. కంప్యూటర్ మీద ఆడేవాడు స్క్రీన్ రికార్డింగ్ పెడితే మీకు ఏ సూచనా రాదు. మూసిన గది కూడా పూర్తి భరోసా కాదు. 2019లో న్యూహేవెన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు బిగ్‌స్క్రీన్ అనే యాప్‌లో ప్రైవేటు గదిలోకి ఎవరికీ కనిపించకుండా చొరబడి, మాటలు వినగలిగారు. ఆ లోపాన్ని తర్వాత సరిచేశారు. అప్‌డేట్లను వాయిదా వేయకూడదనడానికి ఇంతకన్నా కారణం అక్కర్లేదు.

డెవలపర్ మోడ్

స్టోర్‌లో లేని ఆటలు ఎక్కించుకోవడానికి డెవలపర్ మోడ్ ఆన్ చేస్తారు. పని అయ్యాక ఆపడం మరిచిపోతారు. 2024లో షికాగో విశ్వవిద్యాలయ పరిశోధకులు చూపించిన దాడికి ఈ తలుపే దారి. అదే వైఫైలో ఉన్న దాడిచేసేవాడు హెడ్‌సెట్‌లోకి ఒక నకిలీ పొర ఎక్కించి, మీరు చూసే హోమ్ స్క్రీన్‌నూ యాప్‌లనూ తన సొంత నకళ్లతో మార్చేయగలడు. మీరు నొక్కేవి, మాట్లాడేవి వాడికి అందుతాయి. కాబట్టి ఆట ఎక్కించగానే ఫోన్ యాప్‌లో హెడ్‌సెట్ సెట్టింగ్స్‌కు వెళ్లి డెవలపర్ మోడ్ ఆపేయండి. హాస్టల్‌లో, పీజీలో నలుగురూ ఒకే వైఫై వాడేచోట ఇది మరీ ముఖ్యం. ఇంట్లో రూటర్‌కు గెస్ట్ నెట్‌వర్క్ ఉంటే హెడ్‌సెట్‌ను అందులో పెట్టండి.

పిల్లల చేతిలో పెట్టేటప్పుడు

మెటా 2023లో 10 నుంచి 12 ఏళ్ల పిల్లలకు తల్లిదండ్రుల పర్యవేక్షణలో నడిచే అకౌంట్లు తెచ్చింది. పదమూడు దాటినవాళ్లకు పర్యవేక్షణ సాధనాలు వేరే ఉన్నాయి. మన దేశంలో 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్లలోపు వాళ్లందరూ పిల్లలే. వాళ్ల డేటా తీసుకోవాలంటే తల్లిదండ్రుల ఒప్పుకోలు ఉండాలి, వాళ్ల ప్రవర్తనను వెంటాడి గమనించకూడదు, వాళ్లకు గురిపెట్టి ప్రకటనలు చూపకూడదు. ఈ చట్టం కింద నియమాలు 2025 నవంబరులో వచ్చాయి. అన్నీ ఒకేసారి కాకుండా విడతలుగా అమల్లోకి వస్తున్నాయి. కాబట్టి చట్టం చూసుకుంటుందిలే అని ఇప్పుడే ధీమాగా ఉండొద్దు.

ఇళ్లలో జరిగే పెద్ద పొరపాటు నాన్న అకౌంట్‌లోనే పిల్లవాణ్ని ఆడనివ్వడం. అమెరికా నుంచి మేనమామ తెచ్చిన హెడ్‌సెట్ ఒకటే, అకౌంట్ ఒకటే. అలా చేస్తే పిల్లవాడు వ్యవస్థకు పెద్దవాడిగానే కనిపిస్తాడు. పిల్లలకు పెట్టిన కట్టడులేవీ పనిచేయవు, తెలియనివాళ్లు నేరుగా మాట్లాడతారు. ఒకే హెడ్‌సెట్‌లో అదనపు అకౌంట్లు పెట్టుకునే వీలుంది. పిల్లల అకౌంట్ వాళ్ల అసలు వయసుతో తెరవండి. మీ అకౌంట్‌కు అన్‌లాక్ ప్యాటర్న్ పెట్టండి. సోషల్ లోకంలోకి వెళ్లేటప్పుడు టీవీకి క్యాస్ట్ చేసి హాల్లో ఆడించండి. స్కూలు పేరు, బస్సు నంబరు, ట్యూషన్ సమయం ఎవరికీ చెప్పకూడదని ముందే చెప్పండి. ఎవరైనా ‘ఇక్కడ వద్దు, వేరే యాప్‌లోకి రా’ అంటే వెంటనే హెడ్‌సెట్ తీసి మీ దగ్గరకు రమ్మనండి. వచ్చినప్పుడు తిట్టకండి. ఒకసారి తిడితే రెండోసారి రారు.

అమ్మేటప్పుడు, ఇచ్చేటప్పుడు

సెకండ్ హ్యాండ్‌లో హెడ్‌సెట్ అమ్మే ముందు రెండు పనులుంటాయి. ఒకటి చేసి రెండోది మరిచిపోతుంటారు. క్వెస్ట్ అయితే ముందు హెడ్‌సెట్ పూర్తిగా ఆపి, పవర్ బటన్‌నూ వాల్యూమ్ తగ్గించే బటన్‌నూ కలిపి నొక్కి పట్టుకుంటే బూట్ మెనూ వస్తుంది. వాల్యూమ్ బటన్లతో ఫ్యాక్టరీ రీసెట్ దగ్గరికి దిగి, పవర్ బటన్‌తో ఖాయం చేయండి. దీంతో గది స్కాన్‌లు, వీడియోలు, లాగిన్‌లు పరికరంలోంచి పోతాయి. తర్వాత ఫోన్ యాప్‌లో డివైసెస్‌లోకి వెళ్లి ఆ హెడ్‌సెట్‌ను మీ అకౌంట్ నుంచి తీసేయండి. మీరే పాతది కొంటుంటే, కొన్న వెంటనే మీ చేతులతో మరోసారి రీసెట్ చేసి, డెవలపర్ మోడ్ ఆఫ్‌లో ఉందో లేదో చూశాకే లాగిన్ అవ్వండి.

మాల్‌లోని వీఆర్ సెంటర్లలో మీ అకౌంట్‌తో లాగిన్ అవకండి. వాళ్ల అకౌంట్‌లోనే ఆడండి, ఈమెయిల్, ఫోన్ నంబరు అడిగితే ఎందుకని అడగండి.

ముడి పడిపోయాక

ఎవరైనా మీ అసలు పేరో చిరునామానో కనిపెట్టి బెదిరిస్తే, ముందు వాదనకు దిగకండి, బ్లాక్ చేసేయాలన్న తొందరా వద్దు. ముందు సాక్ష్యం కావాలి. క్వెస్ట్‌లో మెటా బటన్ పట్టుకుని ట్రిగర్ నొక్కితే స్క్రీన్ ఫొటో పడుతుంది, ట్రిగర్ నొక్కి పట్టుకుంటే వీడియో మొదలవుతుంది. అవతలివాడి యూజర్‌నేమ్, లోకం పేరు, తేదీ, సమయం కనిపించేలా తీయండి. తర్వాత యాప్‌లో రిపోర్ట్ చేసి, అప్పుడు బ్లాక్ చేయండి. స్టేటస్ మూసేసి, యూజర్‌నేమ్ మార్చి, ఆ పేరుతో ముడిపడ్డ మిగతా చోట్లా మార్చండి.

డబ్బు పోయినట్టయితే వెంటనే 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే, డబ్బు వేరే ఖాతాలకు వెళ్లకముందే ఆపే అవకాశం అంత ఎక్కువ. బెదిరింపులు, మార్ఫింగ్ ఫొటోలు, వెంటపడటం లాంటివాటికి సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో ఫిర్యాదు నమోదవుతుంది. మహిళలు, పిల్లలకు సంబంధించిన ఫిర్యాదులకు అందులో వేరే విభాగం ఉంది. దగ్గరి పోలీస్ స్టేషన్‌లోనూ ఇవ్వవచ్చు. అక్కడి అధికారికి వీఆర్ అంటే తెలియకపోవచ్చు. ‘ఆటలో ఎవరో ఏదో అన్నారు’ అని చెబితే ఫిర్యాదు తేలిపోతుంది. ‘ఈ యూజర్‌నేమ్ ఉన్న వ్యక్తి, ఫలానా తేదీన ఇన్ని గంటలకు, ఈ మాటలతో బెదిరించాడు, వీడియో ఇదిగో’ అని ఒక పేజీలో రాసి, పెన్‌డ్రైవ్‌తో పాటు ఇవ్వండి. ఫిర్యాదు అందినట్టు రసీదు నంబరు అడిగి తీసుకోండి.